వాగు దాకా వెళ్ళిన కోపం

తునికికోన అనే అడవిలో ఏనుగులు, దుప్పులు, నక్కలు, అడవిపందులు, కోతులు, కుందేళ్ళు కాపురం ఉండేవి. ఆ అడవి మధ్య నుంచి రాళ్ళవాగు పారేది. వాగుకు ఇవతల ఒక ఎర్రమట్టి గట్టు ఉంది. ఆ గట్టులో కంటకయ్య అనే ముళ్ళపంది ఇల్లు తవ్వుకున్నాడు.

అది మామూలు ఇల్లు కాదు. వేసవి అంతా కంటకయ్య, అతని భార్య గరికమ్మ కలిసి తవ్వారు. ముందు వాకిలి. వాకిలి దాటితే వంపు తిరిగిన సన్నని దారి. దారి చివర పిల్లలు పడుకునే గది. దాని పక్కన దుంపలు దాచుకునే కొట్టు. వాకిలి పైన మద్దిచెట్టు వేళ్ళు అడ్డంగా పరుచుకుని దూలాల్లాగా మట్టిని పట్టుకున్నాయి. దారిన పోయే ప్రతివాణ్ణీ కంటకయ్య ఆపి ఆ వేళ్ళు చూపించేవాడు. తొందర పనిమీద వెళ్ళే కుందేళ్ళు కూడా నిలబడి, "బాగున్నాయి" అని చెప్పి మరీ వెళ్ళాల్సి వచ్చేది.

పక్కనే ఇంకో బొరియలో చుట్టన్న ఉండేవాడు. అతను అలుగు. ఒంటినిండా పొలుసులు. నోట్లో ఒక్క పన్నయినా లేదు. పొడుగాటి నాలుకతో చీమలు నాకి బతికేవాడు. ఏ చిన్న అలికిడి అయినా తల పొట్టలో దాచుకుని, తోక చుట్టేసుకుని ఉండలా అయిపోయేవాడు. అది చూస్తే కంటకయ్యకు నవ్వాగేది కాదు. ముళ్ళు గలగలలాడించి, మగవాడన్నాక ఇలా ఉండాలి గానీ ఉండ చుట్టుకుంటే ఇల్లు ఎవరు కాపాడతారు అనేవాడు. చుట్టన్న ఏమీ అనుకునేవాడు కాదు. "నాకు చేతనైంది అదే అన్నా" అని చీమలపుట్ట వైపు వెళ్ళిపోయేవాడు.

తొలకరి వానలు పడ్డాయి. ఒకరోజు పొద్దున్నే కంటకయ్య వెదురు కొమ్ముల కోసం కిందికి వెళ్ళాడు. గరికమ్మ పిల్లల్ని నిద్రపుచ్చి, నీళ్ళు తాగి వద్దామని వాగుకు వెళ్ళింది.

సరిగ్గా అప్పుడే తుర్రు అనే నక్క ఆ గట్టు మీదికి వచ్చాడు. వయసులో ఉన్నవాడు, ఆకలికి ఓర్చుకోలేనివాడు. వాన వల్ల రాత్రి వేట సాగలేదు. కొట్టులోని దుంపల వాసన తడిమట్టిలో కలిసి ముక్కుకు తగిలింది. వాకిలి ఇరుకుగా ఉంది. తుర్రు ముందుకాళ్ళతో దాన్ని గోకాడు. నానిన మట్టి కదా, ఒక పక్క మొత్తం కూలిపోయింది. అతను లోపలికి దూరాడు.

గరికమ్మ తిరిగి వచ్చేసరికి వాకిట్లో నక్కతోక కనిపించింది. ఆమె కేక గట్టు కింది దాకా వినపడింది. కంటకయ్య నోట్లో ఉన్న వెదురు కొమ్ము నోట్లోనే ఉండగా పరుగెత్తుకొచ్చాడు.

లోపల పిల్లలు ఏడుస్తున్నారు. పిల్లలకూ తనకూ మధ్య నక్క ఉంది. కంటకయ్యను చూడగానే తుర్రు బెదిరిపోయి పళ్ళు బయటపెట్టి గుర్రుమన్నాడు. కంటకయ్య ఇక ఆలోచించలేదు. గిరుక్కున వెనక్కి తిరిగి, ముళ్ళన్నీ నిక్కబొడుచుకుని, వెనకడుగులతో దూసుకెళ్ళి గుద్దాడు. తుర్రు మూతిలో, భుజంలో ముళ్ళు దిగాయి. అతను కుయ్యోమంటూ కూలిన పక్క నుంచి ఎలాగో దూరి బయటపడి, వాగు వైపు పరుగు తీశాడు.

"పోయాడులే. ముందు పిల్లల్ని చూడు" అంది గరికమ్మ.

కంటకయ్య చూడలేదు. ఒళ్ళంతా కోపం మరుగుతోంది. తన ఇల్లు, తన వాకిలి, తాను వేసవి అంతా తవ్విన గోడ. ఇన్ని చేసినవాడు అంత తేలిగ్గా పోవడమా అనుకున్నాడు. గట్టు దిగి నక్క వెంట పడ్డాడు.

మామూలుగా అయితే ముళ్ళపంది నక్కను ఎక్కడ అందుకుంటాడు. కానీ తుర్రుకు నొప్పితో కళ్ళు సరిగా కనపడటం లేదు. వాగులోని తడిరాళ్ళ మీద కాలు జారి, రెండు రాళ్ళ మధ్య ఇరుక్కుంది. లాగితే రాలేదు. వెనక నుంచి గలగలమని ముళ్ళ చప్పుడు దగ్గరయింది.

"మామా, పోతాను. ఇంకెప్పుడూ రాను" అన్నాడు తుర్రు.

ఆ మాట కంటకయ్యకు వినపడింది. వినపడలేదని తర్వాత కూడా ఎన్నడూ అనలేదు. విన్నాడు, నక్క కాలు ఇరుక్కోవడం చూశాడు, చూసి కూడా వెనక్కి తిరిగి గుద్దాడు. మళ్ళీ గుద్దాడు. ఆయాసం వచ్చే దాకా ఆపలేదు. తుర్రు అరవడం మానేసి రాయి మీద తల వాల్చేశాక, కంటకయ్య వాగులో కాళ్ళు కడుక్కుని, తల ఎత్తుకుని ఇంటిదారి పట్టాడు. చెట్ల మీది కోతులు ఇదంతా చూశాయి. భలే భలే అని కొమ్మలు ఊపాయి.

ఇంటికి వచ్చేసరికి వాకిలి లేదు. వాకిలి ఉండాల్సిన చోట పొలుసుల ఉండ ఒకటి బిరడాలా బిగుసుకుని ఉంది.

అది చుట్టన్న. వీపు మీద పొలుసులు గీరుకుపోయి ఉన్నాయి. పైనుంచి మట్టి జారి అతని చుట్టూ గట్టిగా పట్టేసింది. ఇదేమిటని కంటకయ్య అడిగితే ఉండ లోపలి నుంచి ఏదో గొణుగుడు వినపడింది గానీ ఒక్క ముక్కా అర్థం కాలేదు. ఉండ వెనక నుంచి గరికమ్మ గొంతు వినపడింది. ముందు అతన్ని బయటికి లాగు, తర్వాత చెబుతాను అంది.

కంటకయ్య తోక పట్టుకుని లాగాడు. లోపలి నుంచి గరికమ్మ నెట్టింది. పిల్లలు కూడా ఏడుపు మానేసి తల్లితోపాటు చిన్న కాళ్ళతో నెట్టారు. చుట్టన్నకు చక్కిలిగింతలు ఎక్కువ. పిల్లల కాళ్ళు తగిలినప్పుడల్లా లోపల కిసుక్కుమని నవ్వి ఇంకా గట్టిగా ముడుచుకుపోయేవాడు. చివరికి మట్టి ఒక్కసారిగా వదిలింది. ఉండ వాకిట్లోంచి ఊడి, కంటకయ్యను పక్కకు పడేసి, గట్టు మీద నుంచి దొర్లుకుంటూ పోయి చీమలపుట్ట దగ్గర ఆగింది. చుట్టన్న నెమ్మదిగా విచ్చుకుని, ఎదురుగా ఉన్న చీమల్ని చూసి, ఎలాగూ వచ్చాను కదా అన్నట్టు తినడం మొదలుపెట్టాడు.

పిల్లలు పగలబడి నవ్వారు. గరికమ్మ నవ్వలేదు.

జరిగింది చెప్పింది. కంటకయ్య అటు పరుగెత్తగానే, రాళ్ళ సందులో ఉండే ఉడుము వాకిలి కూలి ఉండటం చూశాడట. ఉడుముకు పసిపిల్లలంటే మహా ఇష్టం. నాలుక చాపుకుంటూ లోపలికి రాబోయాడు. గరికమ్మ పిల్లలకు అడ్డం నిలబడింది. కానీ పైనుంచి మట్టి పెళ్ళలు రాలుతున్నాయి. వాటి నుంచి పిల్లల్ని కాపాడాలో, ఉడుమును ఎదుర్కోవాలో ఆమెకు తెలియలేదు. ఆ కేకలు విని చుట్టన్న వచ్చాడు. ఉడుము కంటే ముందు వాకిట్లోకి దూరి, అక్కడే ఉండ చుట్టుకున్నాడు. ఉడుము గీరాడు, కొరికాడు, తోకతో కొట్టాడు. ఆ పొలుసుల మీద ఏదీ పనిచేయలేదు. విసుగెత్తి వెళ్ళిపోయాడు.

"అప్పుడు నువ్వు ఎక్కడున్నావు?" అని అడిగింది గరికమ్మ.

"దొంగను తరుముతున్నాను."

"దొంగ వాగు దగ్గర ఉన్నాడు. ఇల్లు ఇక్కడ ఉంది కదయ్యా."

కంటకయ్యకు చుట్టన్న వైపు చూడటానికి మొహం చెల్లలేదు. అంతలో బయట సందడి వినపడింది. కోతులు వార్త మోసుకెళ్ళాయి. దారిన పోయేవాళ్ళంతా గట్టు కింద గుమిగూడారు. అందరికంటే ముందు కోరయ్య అనే అడవిపంది నిలబడి ఉన్నాడు. గడప తొక్కినవాణ్ణి ఎక్కడి దాకా తరిమినా తప్పులేదని, ఇల్లున్నవాడంటే ఇలా ఉండాలని గట్టిగా మెచ్చుకున్నాడు. ఇంట్లో దొరకని మాట బయట దొరికేసరికి కంటకయ్య మళ్ళీ ముళ్ళు గలగలలాడించాడు. వాగు దగ్గర జరిగింది వచ్చినవాళ్ళందరికీ వర్ణించి చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ నక్క కాస్త పెద్దదవుతూ వచ్చింది.

అయితే తుర్రు చావలేదు. అతని తల్లి ఊళమ్మ వెతుక్కుంటూ వచ్చి కొడుకును రాళ్ళ మధ్య చూసింది. తోటి నక్కలు అతన్ని మోసుకెళ్ళాయి. మొహం వాచి కళ్ళు మూసుకుపోయాయి. నీళ్ళు కూడా దిగడం లేదు. ఊళమ్మ కన్నీళ్ళతో దిగ్గజమ్మ దగ్గరికి వెళ్ళింది.

దిగ్గజమ్మ ఆ అడవిలో అందరికంటే పెద్ద ఏనుగు. అడవిలో తగవు వస్తే ఆమె దగ్గరికే వెళ్ళేవారు. ఆమె తొందరపడేది కాదు. ఎవరు మాట్లాడుతున్నా చెవులు నెమ్మదిగా ఊపుతూ వినేది. మాట పూర్తయ్యాక కూడా ఇంకాసేపు ఊపేది. ఆ కాసేపట్లో అబద్ధం చెప్పినవాళ్ళకు చెమటలు పట్టేవి.

మర్నాడు పొద్దున ఇప్పచెట్ల మధ్య మైదానంలో అందరూ చేరారు. కంటకయ్య ఒళ్ళు దువ్వుకుని మరీ వచ్చాడు. తనను నలుగురిలో మెచ్చుకోవడానికే పిలిచారని అతని నమ్మకం. తీరా చూస్తే మధ్యలో ఆకుల మీద తుర్రును పడుకోబెట్టారు. మొహం సొరకాయలా ఉబ్బిపోయింది. ఒంటినిండా ముళ్ళు. అన్నీ నల్లటి, తెల్లటి చారలున్న ముళ్ళు. ఎవరివో వేరే చెప్పనక్కర్లేదు. తాను ఇన్నిసార్లు కథ చెప్పుకుంటూ పెద్దది చేసిన నక్క నిజానికి ఇంత సన్నగా ఉన్నాడని కంటకయ్య అప్పుడే గమనించాడు. ముళ్ళు వాటంతట అవే పడుకున్నాయి.

కోరయ్య ముందుగా లేచాడు. ఈ నక్కను ఎవరు రమ్మన్నారు, తప్పు గడప తొక్కినవాడిదే అన్నాడు. ఇల్లు కాపాడుకున్నవాణ్ణి శిక్షిస్తే రేపటి నుంచి ప్రతి దొంగా మన ఇళ్ళలో కాళ్ళు చాపుకుని పడుకుంటాడు అన్నాడు. పందులు, కోతులు అవునన్నాయి. కుందేళ్ళు కూడా మెల్లగా తలలూపాయి. వాటి బొరియల్లోకి నక్కలు దూరడం వాటికి కొత్త కాదు.

తర్వాత ఊళమ్మ మాట్లాడింది. తన కొడుకు తప్పు చేశాడని ఒప్పుకుంది. కానీ కాలు ఇరుక్కుని, పోతాను అని బతిమాలుకున్నవాణ్ణి ఇలా చేస్తారా అని అడిగింది. ఆ ముళ్ళపంది ఒంటి మీద ఒక్క ముల్లు కూడా లేకుండా పీకేయాలి అంది. నక్కలన్నీ ఒక్కసారిగా ఊళ వేశాయి.

దిగ్గజమ్మ చెవులు ఊపుతూ అంతా విని, కంటకయ్యను ముందుకు పిలిచింది.

"నాయనా, నీ ఇంట్లో ఈ నక్క మొహం ఎటు ఉంది?"

"నా వైపు, అవ్వా. వెనకాల నా పిల్లలు ఉన్నారు."

"వాగు దగ్గర?"

"అవతలి ఒడ్డు వైపు."

"మరి నీ ఇల్లు ఎటు ఉంది?"

"నా వెనక."

"అప్పుడు నీ ఇంటికి కాపలా ఎవరు ఉన్నారు?"

కంటకయ్య తలతిప్పి చూశాడు. జనంలో చివరన చుట్టన్న నిలబడి ఉన్నాడు. అందరూ తన వైపు చూసేసరికి బెదిరి ఉండ చుట్టుకున్నాడు. ఎవరూ నవ్వలేదు. కంటకయ్య గొంతు సవరించుకుని, "అతను" అన్నాడు.

గరికమ్మ ముందుకు వచ్చి ఉడుము సంగతి అందరికీ చెప్పింది. విన్నవాళ్ళలో చాలామందికి అది కొత్త సంగతి. కంటకయ్య తన కథలో ఆ ముక్క ఎక్కడా చెప్పలేదు మరి.

దిగ్గజమ్మ ఇంకాసేపు చెవులు ఊపి, అప్పుడు తీర్పు మొదలుపెట్టింది. "వాకిట్లో దిగిన ముళ్ళు నీ ఇంటివి. వాటికి శిక్ష లేదు. వాగు దగ్గర దిగిన ముళ్ళు నీ కోపానివి. వాటికి ఉంది."

కోరయ్య ఊరుకోలేదు. ఒళ్ళు మండిపోతున్నవాడు ఇది ఇంటి ముల్లు, ఇది కోపం ముల్లు అని కొలుచుకుంటూ కూర్చుంటాడా అని అడిగాడు.

"నేను కొలవమనడం లేదు" అంది దిగ్గజమ్మ. "పిల్లల మీదికి వస్తున్నారని భయపడ్డవాడు రెండు ముళ్ళు ఎక్కువే దించవచ్చు. భయంలో ఉన్నవాణ్ణి నేను లెక్క అడగను. భయం తీరిపోయాక ఏం చేశాడన్నదే అడుగుతున్నాను."

కుందేళ్ళు ఈసారి కాస్త గట్టిగానే తలలూపాయి.

ఊళమ్మ అడిగినదాన్ని కూడా దిగ్గజమ్మ ఒప్పుకోలేదు. ముళ్ళన్నీ పీకేస్తే రేపు ఉడుము వచ్చినప్పుడు ఆ పిల్లలకు దిక్కెవరని అడిగింది. నీ కొడుకు పసిపిల్లలు నిద్రపోయే ఇల్లు కూలదోశాడు, అది చిన్న తప్పు కాదని చెప్పింది. ఊళమ్మ తల దించుకుంది.

తీర్పు ఇది. వాగు దగ్గర దించిన ముళ్ళను కంటకయ్యే తన పళ్ళతో ఒక్కొక్కటిగా తీయాలి. తుర్రు లేచి నడిచే దాకా అతనికీ, అతని తల్లికీ తిండి తెచ్చిపెట్టాలి. తుర్రు లేచి నడిచాక, తాను కూల్చిన వాకిలిని తానే కట్టివ్వాలి. అంతవరకు చుట్టన్న ఒప్పుకుంటే వాకిలికి అడ్డం పడుకుంటాడు, దానికి బదులుగా అడవిలో ఎవరికి చీమలపుట్ట కనిపించినా అతనికే ముందు చెప్పాలి. చుట్టన్న ఉండ లోపలి నుంచే ఒప్పుకున్నాడు. ఈసారి మాట స్పష్టంగానే వినపడింది.

మొదటి రోజు కంటకయ్యకు చాలా కష్టమైంది. నక్కల గుహ ముందుకు వెళితే ఊళమ్మ మొహం తిప్పుకుంది. తెచ్చిన దుంపలు దూరంగా పెట్టమంది. అతను తుర్రు పక్కన కూర్చుని మొదటి ముల్లు పళ్ళతో పట్టుకున్నాడు. తన ముల్లే అయినా ఇంత లోతుగా దిగుతుందని అతనికి ఎప్పుడూ తెలియదు. దించేటప్పుడు వెనక్కి తిరిగి ఉంటాడు కదా, ముళ్ళపందికి తాను గుద్దినవాడి మొహం కనపడదు. ఇప్పుడు కనపడుతోంది. ముల్లు కదిలినప్పుడల్లా తుర్రు కళ్ళ వెంట నీళ్ళు కారాయి. కంటకయ్య లాగడం ఆపి, "ఓర్చుకో నాయనా" అన్నాడు. అన్నాక తన గొంతు తనకే కొత్తగా తోచింది.

రోజులు గడిచాయి. వాపు తగ్గింది. తుర్రు కళ్ళు తెరిచాడు. ముందు ముళ్ళపందిని చూసి కేక పెట్టాడు. తర్వాత దుంపను చూసి ఊరుకున్నాడు. తినే ఓపిక వచ్చాక మాట్లాడే ఓపిక కూడా వచ్చింది. ఆ రోజు లోపల పిల్లలున్నారని తనకు తెలియదని, తెలిసి ఉంటే దూరేవాణ్ణి కానని చెప్పాడు. కాసేపు ఆలోచించి, అంత ఆకలి మీద దూరి ఉండేవాణ్ణేమో కూడా అన్నాడు. ఆ నిజాయితీ కంటకయ్యకు నచ్చింది. తానూ ఆ రోజు విన్న మాట విననట్టు చేశానని, అది తప్పేనని చెప్పాడు. గుహ మూలన కూర్చున్న ఊళమ్మ ఆ మాట విని, మొదటిసారి అతనికి కూర్చోవడానికి ఆకులు పరిచింది.

కాలు నొప్పి మరిచిపోవడానికి తుర్రు పాడేవాడు. అతని పాట చెవులున్నవాళ్ళు వినదగ్గది కాదు. కంటకయ్య కొన్నాళ్ళు ఓర్చుకున్నాడు. ఇక ఓర్చుకోలేక ఆ పాటకు తాళంగా ముళ్ళు గలగలలాడించాడు. అలా చేస్తే పాట కొంత నయంగా వినిపించింది. ముళ్ళపంది పిల్లలు తండ్రి వెంట వచ్చి గంతులు వేసేవారు. దారిన పోయే దుప్పులు ఆగి వినేవి. ఊళమ్మ కూడా గొంతు కలిపేది. కోతులు మాత్రం చెవులు మూసుకుని వాగు అవతలికి మకాం మార్చుకున్నాయి.

కోరయ్యకు ఇదంతా గిట్టలేదు. ఆ ముళ్ళపంది ఇల్లున్నవాళ్ళందరి పరువు తీశాడని, తన జోలికి ఎవరైనా వస్తే దిగ్గజమ్మ తీర్పు తనకు అక్కర్లేదని అందరి ముందూ చెప్పాడు. అతనికి వాగు పక్కన ఒక బురదగుంట ఉండేది. ఒకరోజు దుప్పిపిల్ల ఒకటి దారితప్పి వచ్చి ఆ గుంట అంచున నీళ్ళు తాగింది. కోరయ్య గుర్రుమనగానే అది పరుగు తీసింది. తగవు అక్కడితో తీరిపోవలసింది. కోరయ్య తీరనివ్వలేదు. కోరలు ముందుకు పెట్టి రెల్లు గడ్డిలో పడి తరిమాడు. దుప్పిపిల్ల తేలికైనది, రెల్లు వెనక ఉన్న ఊబి మీద గెంతుకుంటూ అవతలికి వెళ్ళిపోయింది. కోరయ్య అడుగు వేశాడో లేదో మెడ దాకా దిగబడిపోయాడు.

అతని అరుపులకు అందరూ వచ్చారు. దిగ్గజమ్మ తొండాన్ని మెడకు చుట్టి లాగింది. కోరయ్య పెద్ద చప్పుడుతో బయటికి ఊడి వచ్చాడు. కోరలు, చెవులు, పౌరుషం ఏవీ కనపడలేదు, అంతా బురదే. కాళ్ళీడ్చుకుంటూ తన గుంట దగ్గరికి వెళితే, అందులో అడవిదున్నల మంద హాయిగా పడుకుని ఉంది. యజమాని లేడేమో అనుకున్నామని దున్నలు మర్యాదగానే చెప్పాయి. లేవమని చెప్పడానికి కోరయ్యకు అప్పుడు ఒంట్లో ఓపిక లేదు. మూడు పూటలు గట్టు మీద ఎండలో కూర్చుని, దున్నలకు స్నానం ఎప్పుడు పూర్తవుతుందా అని ఎదురుచూశాడు.

తుర్రు లేచి నడిచాడు. నడిచిన రోజే గట్టుకు వచ్చి పని మొదలుపెట్టాడు. నక్కకు తవ్వడం వచ్చు గానీ కట్టడం రాదు. కంటకయ్య పక్కన నిలబడి తడిమట్టిని ఎలా తట్టాలో, ఎక్కడ రాయి పెట్టాలో చూపించాడు. ఊళమ్మ వాగులోంచి రాళ్ళు దొర్లించుకుంటూ తెచ్చింది. గరికమ్మ అందరికీ వెదురు కొమ్ములు పెట్టింది. లోపలి గది నుంచి గట్టు అవతలికి ఇంకో చిన్నదారి తీస్తే, ఈసారి ఏదైనా జరిగితే పిల్లలు అటు నుంచి బయటపడవచ్చని తుర్రుకే తోచింది. దొంగగా దూరినవాడికే ఆ ఇంట్లో ఎక్కడ చిక్కుకుపోతారో బాగా తెలుసు అని గరికమ్మ నవ్వింది. ఆ దారి కూడా తవ్వారు. చుట్టన్న వాకిలి కాపలా వదిలి, అప్పటికి ఎదురుచూస్తున్న చీమలపుట్టలు చూడటానికి బయలుదేరాడు. తిరిగి వచ్చేసరికి నడుం కాస్త లావెక్కింది. ఉండ చుట్టుకోవడానికి ముందుకంటే ఎక్కువసేపు పట్టింది.

వానలు బాగా పడి తునికికోన అంతా పచ్చబడిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం ఎక్కడి నుంచో కొత్తగా వచ్చిన అడవిపిల్లి ఒకటి ఆ వాకిట్లో తల దూర్చింది. కంటకయ్య కునుకు తీస్తున్నవాడు ఒక్క ఉదుటున లేచాడు. వెనక్కి తిరిగి, ముళ్ళు నిక్కించి, వాకిలికి అడ్డం నిలబడి గలగలలాడించాడు. అడవిపిల్లి మూతికి ఒక ముల్లు గుచ్చుకుంది. కెవ్వుమని వెనక్కి గెంతి గట్టు దిగి పరుగు తీసింది.

కంటకయ్య కాళ్ళు వాటంతట అవే గట్టు వైపు కదిలాయి. ఒంట్లో పాత వేడి ఎక్కింది. పిల్లి దూరమవుతోంది. పరుగెత్తితే అందదేమో, అందుతుందేమో. అతను గట్టు అంచున నిలబడి, అది పొదల్లో మాయమయ్యే దాకా చూశాడు. తర్వాత ముళ్ళు దించుకుని లోపలికి వచ్చాడు.

"ఎవరు వచ్చారు?" అని అడిగింది గరికమ్మ, పిల్లలకు దుంప చీల్చి పెడుతూ.

"అడవిపిల్లి. వెళ్ళిపోయింది."

"నువ్వు వెళ్ళలేదే?"

"నాకు అక్కడ ఏం పని?" అని కంటకయ్య పిల్లల పక్కన కూర్చున్నాడు. గరికమ్మ కొట్టులో ఉన్నవాటిలో అన్నింటికంటే తియ్యటి దుంప తీసి అతని ముందు పెట్టింది.

నీతి: ఇంటి మీదికి వచ్చినవాణ్ణి అడ్డుకోవడం హక్కు, పారిపోయేవాణ్ణి వెంటాడి కొట్టడం పగ; హక్కుకు శిక్ష ఉండకూడదు, పగకు శిక్ష తప్పకూడదు.